ముందు గది కన్నా ముందు స్నానాల గది

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసిమ్మని తమ్ముళ్లు అడిగినప్పుడు మేము నలుగురం కూర్చుని ఆలోచించాం. చదువు గురించి, క్రమశిక్షణ గురించి, పోటీ పరీక్షల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. మాకంటే బాగా రాస్తారు కూడా. మేము 1999లో ఈ హాస్టల్లో ఉండి పదో తరగతి రాసిన వాళ్లం. మాలో ఒకరు పంతులు, ఒకరు బేల్దారి మేస్త్రీ, ఒకరు బస్సు కండక్టరు, ఒకరు కరెంటు పని చేస్తారు. నలుగురం కలిసినప్పుడల్లా ఎక్కడ మొదలుపెట్టినా మాట చివరికి ఇళ్ల దగ్గరికే వస్తుంది. అందుకే మాకు తెలిసిన విషయం మీదే రాయాలనుకున్నాం. అది బాత్రూం. నవ్వకండి తమ్ముళ్లూ, చివరిదాకా చదవండి.

మా రోజుల్లో హాస్టల్ తెల్లవారుజాము ఎలా ఉండేదో పూర్వ విద్యార్థులకు చెప్పక్కర్లేదు. నూటికి పైగా పిల్లలం, ఆరు బాత్రూములు. ఆరింటిలో నాలుగింటికి గడియ ఉండేది కాదు. లోపల ఉన్నవాడు ఒక కాలు తలుపుకు అడ్డం పెట్టి స్నానం చేయాలి. బయట ఉన్నవాడు "ఒరే, అయిందా?" అని తలుపు కొడుతూనే ఉండాలి. నాలుగు గంటలకే లేచి బకెట్ లైన్లో పెట్టి మళ్లీ పడుకునేవాళ్లం. అయినా మేము మగపిల్లలం కాబట్టి, చాలారోజులు బోరు దగ్గరే నాలుగు చెంబులు పోసుకుని బడికి పరుగెత్తేవాళ్లం. సెలవుల్లో ఇంటికి పోతే అక్కడ అదీ లేదు. మూడు పక్కలా తడికెలు, నాలుగో పక్క గోనెసంచి పరదా. అమ్మ, అక్కలు చీకటి ఉండగానే స్నానం ముగించుకునేవాళ్లు. పొద్దు పొడిచాక ఆలస్యంగా లేచిన రోజున మళ్లీ చీకటి పడేదాకా ఆగేవాళ్లు. ఆ సంగతి అప్పుడు మాకు వింతగా అనిపించలేదు. అందరిళ్లలోనూ అంతే కదా అనుకున్నాం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. మన హాస్టల్లో చదివి ఏదో ఒక ఉద్యోగంలోనో, పనిలోనో కుదురుకున్న ప్రతి ఒక్కడూ చేసే మొదటి పెద్ద పని ఇల్లు కట్టడం. అందులో తప్పేమీ లేదు. ఊరికి చివర, పల్లంలో, వాన వస్తే నీళ్లు నిలిచే చోట బతికిన మన తల్లిదండ్రులకు నాలుగు గోడల పక్కా ఇల్లు ఒక కల. అయితే ఆ ఇల్లు ఎక్కడ మొదలవుతోంది, ఎక్కడ ఆగిపోతోంది అనేదే మా ప్రశ్న. ముందు గోడకు ఎలివేషన్ వస్తుంది. గేటు వస్తుంది. ముందు గదిలో మెరిసే టైల్స్, పైన పీఓపీ సీలింగు, అందులో రంగురంగుల లైట్లు వస్తాయి. గృహప్రవేశం అయిపోతుంది, డబ్బు కూడా అయిపోతుంది. ఇంటి వెనక బాత్రూం మాత్రం "తర్వాత చూద్దాంలే" అనే దగ్గరే ఆగిపోతుంది. లేదా మిగిలిన టైల్స్, మిగిలిన సిమెంటు, మిగిలిన ఓపికతో ముగిసిపోతుంది.

ఇలా చేసేవాళ్లను మేము ఎగతాళి చేయడం లేదు. ఎందుకు చేస్తారో మాకు తెలుసు. తరతరాలుగా మన ఇంటి ముందు నుంచి ముఖం తిప్పుకుని పోయినవాళ్లు ఒకసారి ఆగి చూడాలని మనకు ఉంటుంది. మాకూ ఉండింది. కానీ ముందు గోడను చూసేది దారిన పోయేవాళ్లు. బాత్రూంను వాడేది మన అమ్మ, మన అక్కచెల్లెళ్లు, మన ఇల్లాలు, మన బిడ్డలు. ఎవరి కోసం ఇల్లు కడుతున్నామో ముందు తేల్చుకోవాలి.

మాలో ఒకరి ఇంట్లో జరిగింది చెబుతాం. 2016లో ఇల్లు కట్టాడు. ఎలివేషన్‌కు 70 వేలు పెట్టాడు. ముందు గదిలో వేయగా మిగిలిన నున్నటి టైల్స్‌నే బాత్రూంలోనూ పరిపించాడు. "ఒకే రకం ఉంటే బాగుంటుంది" అన్నారు అందరూ. పని చేసింది కూడా మాలో ఒకడే. అప్పుడు వాడు కూడా కాదనలేదు. నేల వాటం సరిగ్గా లేదు. నీళ్లు ట్రాప్ వైపు పోకుండా గుమ్మం దగ్గర నిలిచేవి. 2021లో ఒక ఉదయం వాళ్లమ్మ సబ్బు నీళ్ల మీద కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఆస్పత్రిలో మేము నలుగురం మంచం చుట్టూ నిలబడి ఉన్నాం. ఆమె కొడుకుతో అన్న మాట ఇది: "నీ తప్పేం లేదులే నాయనా. నేనే చూసుకోలేదు." ఆమె చూసుకోకపోవడం కాదు. మేమే చూడలేదు. ఆ రోజు నుంచి ఆ బాత్రూం మా నలుగురికీ ఒక పాఠం అయింది.

అమ్మ ఇంటికి వచ్చేలోపు బాత్రూం తిరగ కట్టాలని కూర్చున్నాం. అప్పటికే ఆస్పత్రి ఖర్చుతో చేతిలో డబ్బు లేదు. మొదట మేమే కాగితం మీద గీసుకున్నాం. షవర్ ఎక్కడ, అద్దం ఎక్కడ, గోడకు ఏ రంగు టైల్స్ అని. అంతలో వాళ్ల చెల్లెలు వచ్చి కాగితం చూసి, "అన్నా, అమ్మను అడిగారా?" అంది. అడగలేదు. వెళ్లి అడిగాం. అమ్మ మూడే అడిగింది. లోపలి నుంచి గట్టిగా పడే గడియ. చీర తడవకుండా తగిలించుకునే కొక్కెం. కూర్చుని పోసుకోవడానికి ఒక రాతి పీట. చెల్లెలు ఇంకో రెండు చెప్పింది. రాత్రిపూట బయట నుంచే వేసుకునే లైటు, మూత ఉన్న చెత్తడబ్బా. షవర్, అద్దం ఎవరూ అడగలేదు. మేము గీసిన కాగితం చింపేశాం.

తక్కువ డబ్బులో బాత్రూం బాగు చేసుకోవాలంటే ముందు ఈ పని చేయండి. వాడేవాళ్లను అడగండి. దీనికి ఖర్చు లేదు. వాళ్లు అడిగేవి మనం అనుకున్నవాటికన్నా చవకగానే ఉంటాయి.

తర్వాత డబ్బు దేనికి ముందు పెట్టాలో వరుస పెట్టుకోవాలి. మా మేస్త్రీ మాటల్లో చెప్పాలంటే, కంటికి కనపడనిది ముందు, కనపడేది వెనక. మొదటిది వాటం. అడుగుకు పావు అంగుళం చొప్పున నేల ట్రాప్ వైపు దిగాలి. ఏడడుగుల గదిలో ఈ చివరికీ ఆ చివరికీ తేడా రెండు అంగుళాల లోపే. కంటికి తెలియదు, కానీ నీళ్లకు తెలుస్తుంది. వాటానికి అదనంగా ఒక్క రూపాయి కూడా కాదు, మేస్త్రీ పక్కన నిలబడి ఒక చెంబు నీళ్లు పోసి చూసే ఓపిక చాలు.

రెండోది చెమ్మ ఆపడం. పాత నేల పగలగొట్టాక టైల్స్ వేయకముందే వాటర్‌ప్రూఫ్ పూత నేలంతా వేసి, గోడల మీదికి కూడా ఒక అడుగు ఎత్తు దాకా ఎక్కించాలి. ఎందుకంటే చెమ్మ ఎక్కువగా దిగేది నేల, గోడ కలిసే మూలలోనే. పూత ఆరాక ట్రాప్‌ను గట్టిగా బిగించి, గుమ్మం దగ్గర చిన్న కట్ట వేసి, రెండు అంగుళాల నీళ్లు నింపి ఒక రోజంతా వదిలేయాలి. మర్నాటికి నీళ్లు తగ్గినా, పక్క గది గోడకు చెమ్మ కనిపించినా పూతలో లోపం ఉన్నట్టే. టైల్స్ వేశాక తెలిస్తే మళ్లీ అంతా పగలగొట్టాలి. ఈ ఒక్క రోజు ఆగడానికి చాలామంది ఒప్పుకోరు. పని ఆగిపోయిందని తొందరపడతారు. తొందరపడి మూడేళ్లకు పక్క గది గోడ పెచ్చులూడిపోతే సున్నం మీద సున్నం కొడుతుంటారు.

మూడోది పైపులు, ట్రాప్. ట్రాప్‌లో ఎప్పుడూ రెండు అంగుళాల నీళ్లు నిలిచి ఉండాలి. ఆ నీళ్లే కాలువ వాసనను, బొద్దింకలను పైకి రాకుండా ఆపుతాయి. వాసన వస్తోందని అగరుబత్తి వెలిగించే ముందు ట్రాప్ చూడండి. వేన్నీళ్ల లైనుకు మామూలు పీవీసీ పైపు వేయకూడదు, సీపీవీసీ వేయాలి. పాత ఇంట్లో ఇనుప పైపులు ఉంటే గోడ తెరిచినప్పుడే మార్చేయాలి.

నాలుగోది కరెంటు. ఇది మా ఎలక్ట్రీషియన్ మరీ మరీ రాయమన్నాడు. స్విచ్చి బాత్రూం బయట ఉండాలి. గీజరు పెట్టినా పెట్టకపోయినా ఎర్తింగ్ ఉండాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించుకుంటే లీకేజీ వచ్చిన క్షణంలో కరెంటు ఆగిపోతుంది. ఇనుప బకెట్లో హీటర్ రాడ్ వేసి, నీళ్లు వేడెక్కాయా అని వేలు ముంచి చూసే అలవాటు మన ఇళ్లలో ఉంది. ముందు ప్లగ్గు పీకండి, తర్వాత వేలు ముంచండి. మన పిల్లల్ని చదివించుకునేది ఇలా పోగొట్టుకోవడానికి కాదు.

అయిదోది నేల. నున్నటి టైల్స్ వద్దు. గరుకుగా ఉండే మ్యాట్ టైల్స్ ధర దాదాపు అంతే ఉంటుంది. మా వైపు అయితే బేతంచెర్ల నాపరాళ్లు ఉన్నాయి, తెలంగాణ మిత్రులకు తాండూరు బండలు ఉన్నాయి. పాలిష్ కొట్టని నాపరాయి కాలికి పట్టు ఇస్తుంది, చవక, కూలిపని చేసుకునే ఇంటికి కూడా అందుతుంది. సందులు మాత్రం సిమెంటుతో సరిగ్గా పూడ్చాలి. గోడకు టైల్స్ స్లాబు దాకా అక్కర్లేదు. నాలుగడుగుల ఎత్తు చాలు, ఆపైన నున్నగా సిమెంటు పూత పూసి రంగు వేస్తే సరిపోతుంది. దీంతో టైల్స్ ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది.

ఆరోది గాలి, వెలుతురు, తలుపు. పైన వెంటిలేటరుకు ఒక సిమెంటు జాలీ చాలు. ప్లైవుడ్ తలుపు కింద నానిపోతుంది, పీవీసీ తలుపు నానదు. తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టండి. లోపల ఎవరైనా పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకు వాళ్లే అడ్డం అవుతారు. ఇది మేము అనుభవంతో చెబుతున్న మాట.

ఆ బాత్రూం అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు. పని 2021 చివర్లో చేశాం. లెక్క ఇదీ. మేస్త్రీ, కూలీల ఖర్చు 15,000. మా వాడు కూలి వద్దన్నాడు, మేమే బలవంతంగా ఇచ్చాం. సిమెంటు, ఇసుక, వాటర్‌ప్రూఫ్ కలిపి 7,500. నేలకు నాపరాళ్లు, గోడకు నాలుగడుగుల టైల్స్ 4,500. పైపులు, కుళాయిలు, ట్రాప్ 6,500. తుంటి ఆపరేషన్ అయినవాళ్లు కింద కూర్చోకూడదు కాబట్టి కమోడ్ 4,000. తలుపు 3,000. కరెంటు పని 2,000. గోడకు పట్టుకునే ఇనుప కడ్డీలు రెండు, కొక్కేలు, గడియ 1,000. మొత్తం 43,500. రాతి పీట మాత్రం పాత ఇంటి మెట్టు రాయే. ముందు గోడ ఎలివేషన్‌కు 70 వేలు అని చెప్పాం కదా. మేము మళ్లీ దాని గురించి ఏమీ అనం. మీరే పోల్చుకోండి.

ఈ మాత్రం డబ్బు కూడా లేనివాళ్లే మనలో ఎక్కువ. వాళ్ల సంగతి వేరేగా చెప్పాలి. 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛభారత్ మిషన్ కింద మరుగుదొడ్డికి 12,000 రూపాయలు ఇచ్చారు. మన కాలనీల్లో ఎన్నో కట్టారు. 2019 అక్టోబరు 2న దేశంలోని పల్లెలన్నీ బహిరంగ మలవిసర్జన లేనివి అని ప్రకటించారు కూడా. కానీ మన కాలనీలో తిరిగి చూస్తే ఆ గదుల్లో కొన్నింటిలో కట్టెలు, పిడకలు ఉన్నాయి. ఒకదాంట్లో కోళ్లు ఉన్నాయి. వాడనివాళ్లది అజ్ఞానం అని పెద్దమనుషులు తేలిగ్గా అనేస్తారు. మేము వెళ్లి అడిగాం. నీళ్లు లేవన్నారు కొందరు. గుంత నిండితే ఎవరు తీస్తారని భయం అన్నారు ఎక్కువమంది. ఆ భయానికి సమాధానం చెప్పకుండా గోడల మీద నినాదాలు రాసి లాభం లేదు.

సమాధానం రెండు గుంతల దొడ్డి. అయిదుగురు మనుషుల ఇంటికి మూడడుగుల పైచిలుకు వెడల్పు, నాలుగడుగుల లోతున్న గుంతలు రెండు చాలు. రెంటికీ మధ్య కనీసం మూడడుగుల దూరం ఉండాలి. గుంత అడుగున సిమెంటు వేయకూడదు. రింగులకు, ఇటుకలకు సందులు ఉండాలి, నీళ్లు ఇంకాలి. నల్లరేగడి నేలలో నీళ్లు త్వరగా ఇంకవు, కాబట్టి గుంత కాస్త పెద్దదిగా తవ్వి చుట్టూ దొడ్డు ఇసుక నింపాలి. తాగునీటి బావికి, బోరుకు కనీసం 10 మీటర్ల దూరం పాటించాలి. పాన్ నుంచి వచ్చే పైపు ఒక చిన్న తొట్టిలో రెండుగా చీలుతుంది. ఒక దారి ఇటుకతో మూసి ఒక గుంతనే వాడాలి. అది నిండడానికి సుమారు మూడేళ్లు పడుతుంది. నిండాక ఇటుకను ఇటు నుంచి అటు మార్చితే రెండో గుంత మొదలవుతుంది. మొదటి దాన్ని కదిలించకుండా రెండేళ్లు వదిలేస్తే అది పొడి ఎరువుగా మారుతుంది. వాసన ఉండదు. ఇంటివాళ్లే పారతో తీసి చెట్లకు వేసుకోవచ్చు. వాలు ఎక్కువగా ఉండే పాన్ పెడితే రెండు లీటర్ల లోపు నీళ్లతోనే శుభ్రమవుతుంది. స్నానం నీళ్లను మాత్రం ఈ గుంతల్లోకి వదలకూడదు. వాటిని అరటిచెట్టుకో, ఇంకుడు గుంతకో పంపాలి. యాసిడ్ పోయకూడదు, లోపల కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడరును ఎప్పుడూ కలపకూడదు. కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, అది విషం.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. రాయాలా వద్దా అని చాలాసేపు అనుకున్నాం. మాలో ఒకరింట్లో సెప్టిక్ ట్యాంకు నిండింది. ట్యాంకు మూత ఎక్కడుందో ఎవరికీ గుర్తులేదు. ముందు వరండాలో టైల్స్ వేసేటప్పుడు దాని మీదుగానే వేసేశారు. అందం చెడుతుందని. టైల్స్ పగలగొట్టి మూత తీశాం. ట్రాక్టరు మోటారుతో ఇద్దరు వచ్చారు. పైపు సగం దాకా లాగి ఆగిపోయింది, అడుగున గట్టిపడిపోయింది. ఇద్దరిలో పెద్దాయన నడుముకు తాడు కట్టుకుంటూ, "ఒక్క పది నిమిషాలు సార్, దిగి కదిలిస్తే అయిపోతుంది" అన్నాడు. ఆ గొంతు విని మేము ఆయన ముఖం చూశాం. ఏడో తరగతిలో మా బెంచీలోనే కూర్చున్నవాడు. నాయన చనిపోతే ఆ ఏడాదే హాస్టల్ వదిలి వెళ్లిపోయాడు. లెక్కల్లో మాకంటే చురుకు. మమ్మల్ని పోల్చుకున్నాక, "ఒరే, మీరా!" అని నవ్వాడు. దిగనివ్వలేదు. నీళ్లు పోసి, కర్రతో పైనుంచే కదిలించి, సాయంత్రం దాకా కష్టపడి మోటారుతోనే తీశాం. ఆయనతో కలిసి టీ తాగాం. డబ్బులిచ్చేటప్పుడు మళ్లీ "వస్తా సార్" అన్నాడు. ఆ రాత్రి మాలో ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టలేదు.

మూసి ఉన్న ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ ఉంటాయి, ప్రాణవాయువు ఉండదు. దిగిన మనిషి కేక వేసే లోపే స్పృహ తప్పుతాడు. అతన్ని తీయడానికి దిగినవాడూ అక్కడే పడిపోతాడు. 2013లో వచ్చిన చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి, మురుగు కాలువలోకి దించడం నేరం. దించినవాడు ఇంటి యజమాని అయినా నేరమే. సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014 మార్చి 27న ఇలా చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. ఆ ఉద్యమాన్ని నడిపిన బెజవాడ విల్సన్ మన తెలుగు మూలాలున్న కుటుంబంలో, కోలారు బంగారు గనుల దగ్గర పుట్టినవాడే. 2016లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆయన గురించి చదవండి. పరీక్షల్లో ప్రశ్న వస్తుందని కాదు. మన బెంచీల నుంచి ఎవరెవరు ఎక్కడికి పోతున్నారో తెలుసుకోవడానికి.

కాబట్టి బాత్రూం కట్టేటప్పుడే తేల్చుకోవాలి, అది నిండిన రోజున ఎవరు రావాలి అని. చోటు ఉంటే రెండు గుంతలు తవ్వండి. సెప్టిక్ ట్యాంకే తప్పకపోతే మూత బయటకు కనపడేలా, మోటారు పైపు దూరేలా ఉంచండి. గాలి గొట్టం పెట్టండి. మూడేళ్లకోసారి గట్టిపడకముందే మోటారుతో తీయించండి. ఏ మనిషినీ దించకండి. పదో తరగతి పాసైన మన ఇంటి వెనక, పాసవని మన అన్న ప్రాణం పోకూడదు.

"ఇవన్నీ మేస్త్రీలు చూసుకునేవి, చదువుకునే పిల్లల సంచికలో ఎందుకు?" అని కొందరు అడగవచ్చు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేడ్కర్ మహద్‌లో చౌదార్ చెరువు నీళ్లు దోసిట్లోకి తీసుకుని తాగారు. అంత చదువు చదివిన మనిషి ఒక చెరువు దగ్గరికి ఎందుకు నడిచారు? నీళ్లు, శుభ్రత, మరుగు అనేవి చదువుకన్నా తక్కువ విషయాలు కావు కాబట్టి. బడిలో మరుగుదొడ్డి లేక నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉండిపోయే చెల్లెలికి చదువు, బాత్రూం వేరువేరు విషయాలు కావు. సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేసి, బయటికి వెళ్లడానికి చీకటి కోసం ఎదురుచూసే అమ్మకు గౌరవం, గడియ వేరువేరు కావు.

చివరగా మన హాస్టల్ గురించి ఒక మాట. ప్రతి ఏడాది వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థులం చందాలు వేసుకుంటాం. షామియానా, మైకుసెట్టు, శాలువాలు, మెమెంటోలు. అవన్నీ వద్దని అనం. అయితే ఈసారి నుంచి అందులో సగం బాత్రూములకు పెడదామని మా ప్రతిపాదన. గడియలు, కొక్కేలు, బల్బులు, కుళాయిలు కొందాం. మేస్త్రీ పని, కరెంటు పని మాలో ఇద్దరు ఒక ఆదివారం వచ్చి ఊరికే చేసిపెడతారు. ఇంకా ఏ బ్యాచ్‌లోనైనా ప్లంబర్లు ఉంటే వాళ్లూ రావాలి. కొత్త బాత్రూములు కట్టడం, డ్రైనేజీ వేయడం, నీళ్లు ఇవ్వడం మాత్రం ప్రభుత్వం పనే. అది మన చందాలతో పూడ్చేది కాదు, పూడ్చకూడదు కూడా. దానికి మనమంతా సంతకాలు పెట్టి అర్జీ ఇద్దాం, జవాబు వచ్చేదాకా తిరుగుదాం. గడియ మనం పెడదాం, గది వాళ్ల చేత కట్టిద్దాం.

తమ్ముళ్లూ, రేపు మీకు ఉద్యోగం వస్తుంది. తప్పకుండా వస్తుంది. మొదటి జీతంతో అమ్మకు చీర కొనండి. ఇల్లు కట్టే రోజు వచ్చినప్పుడు మాత్రం ముందు గోడ దగ్గర కాదు, ఇంటి వెనక మొదలుపెట్టండి. ఆమె ఇప్పుడు చేతికర్ర సాయంతో నడుస్తోంది. కడ్డీ పట్టుకుని రాతి పీట మీద కూర్చుని, గడియ వేసుకుని, ఎండ బాగా ఎక్కాక తీరిగ్గా స్నానం చేస్తోంది. "ఇప్పుడు నాకు తెల్లారి లేవాల్సిన పని లేదు" అని మొన్న మాతో అంది. ఎలివేషన్ గురించి ఆమె ఇంతవరకూ ఒక్క మాట అనలేదు.

— 1998–99 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థులు